చేతులతో చెప్పుకొనే బాధ

"చెవిటివాని ముందు శంఖం ఊదినట్లు" అనే సామెత మన ఇళ్లలో ఈనాటికీ వినబడుతూనే ఉన్నది. చెప్పిన పని చేయని పిల్లవాణ్ణి చూచి తల్లి అంటుంది. కచేరీకి పదిసార్లు తిరిగినా పని కానివాడు అంటాడు. తప్పంతా వినలేనివానిదే అన్నట్లు ఆ సామెతను వాడటం మనకు అలవాటయింది. ఎదుటివానికి వినబడదని తెలిసి కూడ శంఖమే ఊదుతూ కూర్చున్నవాని తెలివి ఎంతటిదని మాత్రం ఎవరూ అడగరు.

ఈ నెల మేము పాఠకులతో ముచ్చటించదలచిన విషయం కొంచెం కష్టమైనది. మన కుటుంబాలలో బధిరులైన పెద్దవారు ఉన్నారు. వారిలో కొందరు జీవితంలో పెద్ద దెబ్బ తిని, ఆ బాధ మరవటానికి తాగుడు మరిగారు. అట్టివారికి చికిత్స ఎట్లా జరగవలె? తమ బాధను వారు ఎవరితో, ఏ భాషలో చెప్పుకోవలె? ఈ ప్రశ్నకు జవాబు లేకపోలేదు. మనం గట్టిగా అడగకపోవటం వల్ల అది మన గుమ్మం దాకా రాలేదు.

తాగుడు మాన్పించటానికి మనకు తెలిసిన ఉపాయాలను ఒకసారి లెక్కపెట్టి చూడండి. తల్లి ఏడుస్తూ బ్రతిమాలుతుంది. మామగారు నలుగురిలో మందలిస్తారు. దేవుని ముందు ఒట్టు వేయిస్తాము. భజనకు, కీర్తనకు తీసికొని వెళతాము. చివరకు వ్యసన విముక్తి కేంద్రంలో చేర్పిస్తే అక్కడ కౌన్సెలింగు చేస్తారు. ఇవన్నీ మాటతో నడిచేవే, చెవిలోకి పోయేవే. చెవి లేనివానికి ఇందులో ఒక్కటీ చేరదు.

లెక్కలు కూడ చూద్దాము. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వినికిడి లోపం ఉన్నవారు సుమారు 50 లక్షల 70 వేలమంది. 2019లో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు ప్రభుత్వం తరపున ప్రకటించిన సర్వేలో, 10 ఏళ్ల నుంచి 75 ఏళ్ల లోపు వారిలో 2.7 శాతం మంది మద్యానికి పూర్తిగా బానిసలైనారని తేలింది. అట్లా బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందినదని ఆ నివేదికే చెప్పింది. చెవులున్నవారి గతి ఇట్లా ఉంటే, లేనివారి గతి వేరే చెప్పవలసిన పని లేదు.

రెండు భాషల నడుమ మనం

ఈ విషయం అర్థం చేసికొనటానికి నాందేడు తెలుగువారికి ఉన్నంత అనుభవం ఇంకొకరికి ఉండదని మా నమ్మకం. నైజాం సంస్థానంలో నిజామాబాదు, నాందేడు ఒకే రాజ్యంలో ఉన్ననాటి నుంచి, 1956లో రాష్ట్రాలు విడిపోయి మనం బొంబాయి రాష్ట్రంలోకి, 1960లో మహారాష్ట్రంలోకి వచ్చిన తరువాత కూడ, మనం ఇంట్లో ఒక భాష, బజారులో ఒక భాషగా బ్రతుకుతున్నాము. సంతోషం ఏ భాషలోనైనా చెప్పుకోవచ్చును. బాధ మాత్రం తల్లి భాషలోనే సరిగా వస్తుంది.

పెద్దవయసు అమ్మమ్మను డాక్టరు వద్దకు తీసికొనిపోయిన వారికి ఇది బాగా తెలుసు. "కడుపులో దేవుతున్నది బిడ్డా" అని ఆమె అంటుంది. పక్కనున్న మనుమడు తొందరలో "పోట్ దుఖతంయ్" అని మరాఠీలో చెబుతాడు. కడుపు నొప్పి అనుకొని డాక్టరు మాత్ర ఇస్తాడు. దేవటం వేరు, నొప్పి వేరు. అమ్మమ్మ చెప్పింది తప్పు కాదు, డాక్టరు ఇచ్చింది తప్పు కాదు. మధ్యలో మాట మారిపోయింది. శరీర బాధకే ఇట్లా అయితే, రాత్రిళ్లు ఉలిక్కిపడి లేచే మనసు బాధను పరాయి భాషలో, పరాయివాని నోట చెప్పించటం ఎంత కష్టమో ఊహించుకోండి.

బధిరుల స్థితి దీనికంటె ఒక మెట్టు కింద ఉన్నది. మన ఇళ్లలో పుట్టిన బధిర శిశువుకు ఇంటి తెలుగు వినబడదు. బడికి పోతే అక్కడ మరాఠీ పెదవులను చూచి నేర్చుకోమంటారు. సెలవులకు ఇంటికి వస్తే తల్లి పెదవులు తెలుగులో కదులుతాయి. ఆ పిల్లవాడు ఏ పెదవులను నమ్మవలె? పెదవులు చూచి మాట పట్టుకోవటం కూడ మనం అనుకున్నంత సులభం కాదు. అద్దం ముందు నిలబడి చప్పుడు లేకుండా "పాట", "బాట", "మాట" అని చూడండి. మూడింటికీ పెదవులు ఒకే విధంగా కదులుతాయి.

కాగితం మీద వ్రాసి చూపితే సరిపోదా అని కొందరు అడుగుతారు. చిన్ననాడు చెవిన పడి అబ్బవలసిన భాష అబ్బనివారికి వ్రాత కూడ పరాయిదిగానే మిగిలిపోతుంది. అదీగాక మన వాడుక మాటల తీరు చూడండి. డాక్టరు "మందు మానవద్దు" అంటాడు. ఇంటివారు "మందు మానెయ్" అంటారు. ఒకరు చెప్పేది ఔషధం, మరొకరు చెప్పేది సారా. చెవులున్నవాడు సందర్భాన్ని బట్టి గ్రహిస్తాడు. చీటీ మీద ఆ రెండు వాక్యాలు చూచిన బధిరుడు ఏది చేయవలె?

బధిరులకు సొంత భాష ఒకటి ఉన్నది. అది చేతులతో, ముఖంతో, చూపుతో చెప్పే సంజ్ఞా భాష. దానికి వ్యాకరణం ఉన్నది. 1880లో ఇటలీలోని మిలాను నగరంలో సభ చేసిన బధిర విద్యా పండితులు, బడులలో సంజ్ఞలు మాని నోటి మాటే నేర్పవలెనని తీర్మానించారు. దాని ఫలితంగా అనేక దేశాలలో చేతులు కదిపిన పిల్లలు బెత్తం దెబ్బలు తిన్నారు. 1960లో అమెరికాలో విలియం స్టోకీ అనే ఆచార్యుడు సంజ్ఞా భాష కూడ సంపూర్ణమైన భాషేనని శాస్త్రీయంగా నిరూపించాడు. మిలాను తీర్మానాల వల్ల జరిగిన హానికి 2010లో వాంకూవరు మహాసభ విచారం తెలిపింది. మన దేశంలో 1978లో వాశిష్ఠ, వుడ్‌వర్డ్, విల్సన్ అనే పరిశోధకులు ఢిల్లీ, కలకత్తా, బొంబాయి, బెంగుళూరు బధిరుల సంజ్ఞలను పోల్చి చూచి, వాటిలో దాదాపు 75 శాతం ఒక కుటుంబానికి చెందినవేనని చెప్పారు. అంటే మనకు తెలుగు, మరాఠీల మధ్య ఉన్న గోడ వారికి లేదు. వారి గోడ చెవులున్న మనతోనే.

మాకు తెలిసిన ఒక ఇల్లు

పేరు, వాడ చెప్పము. ఆయన వడ్రంగి. పుట్టు చెవుడు. మరాఠీ బధిర పాఠశాలలో కొన్ని తరగతులు చదివాడు. పని చాలా నాణ్యంగా చేస్తాడని పేరు. కొన్ని ఏళ్ల క్రితం సైకిలు మీద అన్నను వెనక కూర్చుండబెట్టుకొని వస్తూ ఉండగా వెనకనుంచి లారీ వచ్చి తగిలింది. అన్న అక్కడికక్కడే పోయాడు. ఈయన బ్రతికి బయటపడ్డాడు.

లారీ హారను ఆయనకు వినబడలేదు. వెనకనున్న అన్న కేక వేసి ఉంటే అది కూడ వినబడలేదు. దినకర్మలకు వచ్చిన చుట్టాలు ఒకరి చెవిలో ఒకరు ఏదో చెప్పుకొంటూ తనవైపు చూడటం మాత్రం కనబడింది. వారు జాలిపడ్డారో, నింద వేశారో ఆయనకు ఎట్లా తెలియవలె? తన వల్లనే అన్న పోయాడని నిశ్చయించుకొన్నాడు. నిద్ర పోయింది. నిద్ర కొరకు దేశీ దారు మొదలుపెట్టాడు. ఏడాది తిరిగేసరికి పొద్దున లేవగానే చేతులు వణికే స్థితి వచ్చింది.

"చెప్తే వినడు నాయనా" అని వాళ్లమ్మ మాతో అన్నది. ఆ మాటలోని అర్థం ఆమెకు తట్టినట్లు లేదు.

రెండుసార్లు ఒక వ్యసన విముక్తి కేంద్రంలో చేర్పించారు. అక్కడివారు చెడ్డవారు కారు. వేళకు మందులు ఇచ్చారు, అన్నం పెట్టారు. రోజూ అందరితోపాటు వలయంగా కూర్చోబెట్టారు. అందరూ తమ కథలు చెప్పుకొని కన్నీళ్లు పెట్టుకొంటూ ఉంటే ఈయన వాళ్ల ముఖాలు చూస్తూ కూర్చున్నాడు. ఇంటికి వచ్చిన నెలలోపల మళ్లీ తాగాడు. మూడవసారి కౌన్సెలరు, ఇంట్లో ఈయన సైగలు బాగా తెలిసినవారిని ఒకరిని పిలుచుకొని రమ్మన్నాడు. ఇంట్లో బాగా తెలిసినవాడు 14 ఏళ్ల పిల్లవాడు. ఎవరో కాదు, పోయిన అన్నగారి కొడుకే.

"ఎందుకు తాగుతున్నావని మీ చిన్నాయనను అడుగు" అని కౌన్సెలరు ఆ పిల్లవానితో అన్నాడు. పిల్లవాడు అడిగాడు. ఆయన ఆ పిల్లవాని ముఖం చూచి, ఏమీ లేదు, అలవాటు అని చేత్తో చెప్పి తల దించుకొన్నాడు. కౌన్సెలరు కాగితం మీద "రోగి సహకరించుట లేదు" అని వ్రాసికొన్నాడు.

తండ్రి లేని పిల్లవాని చేతులతో, మీ నాయన చావుకు నేనే కారణమని ఏ మనిషి చెప్పగలడు? ఆ ప్రశ్న సరైనదే. అడిగించిన నోరే తప్పు.

తరువాత బధిర పాఠశాలలో పనిచేసి రిటైరైన ఒక ఉపాధ్యాయురాలు దొరికింది. ఆమె ఒప్పుకొని డాక్టరు వద్ద కూర్చున్నది. మూడవ రోజో, నాలుగవ రోజో ఆయన చేతులు విప్పాడు. మొదట అడిగింది తాగుడును గురించి కాదు. "అన్న అరిచాడా?" అని అడిగాడు. అన్నేళ్లుగా ఆ ఒక్క ప్రశ్న లోపల పెట్టుకొని ఉన్నాడు.

ఇంకొక సంగతి కూడ అప్పుడే బయటపడింది. పోలీసు పంచనామాలో లారీ డ్రైవరుదే తప్పని స్పష్టంగా వ్రాసి ఉన్నది. ఆ కాగితం ఇంటి బీరువాలోనే ఉన్నది. ఇంట్లో అందరికీ తెలుసు. ఆయనకు తెలియనిదని ఎవరికీ తోచలేదు. తెలియజెప్పే దారి కూడ ఎవరికీ లేదు. వదినగారు ఆ ఉపాధ్యాయురాలి ద్వారా, "నేను నిన్ను ఏనాడూ ఒక్క మాట అనుకోలేదు మరిదీ" అని చెప్పించింది.

దీనితో తాగుడు మంత్రం వేసినట్లు పోయిందని మేము వ్రాయము. ఆ తరువాత కూడ రెండుసార్లు జారాడు. కాని గోడకున్న కాలనిర్ణయ్ క్యాలెండరులో తాగని రోజులకు సున్నా చుడుతున్నాడు. మేము చివరిసారి చూచినప్పుడు ఆ నెల కాగితంలో సున్నాలు లేని గడులు మూడే ఉన్నవి.

రెండు గాయాలకు ఒకే వైద్యం

మనసు దెబ్బకు, తాగుడుకు ఉన్న సంబంధాన్ని వైద్యులు ఇట్లా చెబుతారు. భయంకరమైన సంఘటన చూచిన మనసు ఆ తరువాత కూడ కాపలా మానదు. చిన్న కదలికకు ఉలికిపాటు, పీడకలలు, నిద్రలేమి పట్టుకొంటాయి. మద్యం ఆ కాపలాదారును కొన్ని గంటలు నిద్రపుచ్చుతుంది. దిగిన తరువాత అదే భయం రెట్టింపుగా లేస్తుంది. మళ్లీ తాగవలసి వస్తుంది. కావున తాగుడు ఒక్కటే మాన్పించి భయాన్ని వదిలివేస్తే లాభం లేదు. రెండింటినీ కలిపి చూడవలె.

ఈ పద్ధతిలో అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు లీసా నజావిట్స్ 2002లో ప్రకటించిన పాఠాలు చాలా దేశాలలో వాడుతున్నారు. అందులో 25 అంశాలు ఉన్నవి. జరిగిన ఘోరాన్ని తవ్వి తీయించటం కంటె, ఈ రోజు సురక్షితంగా గడపటం ఎట్లా అన్నదే అందులో ముఖ్యం. అయితే ఆ పాఠాలు వ్రాతలో, అదీ కఠినమైన ఇంగ్లీషులో ఉన్నవి. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో మెలిస్సా ఆండర్సన్ అనే మనోవైద్య శాస్త్రజ్ఞురాలు, ఆమెతో పనిచేసిన బధిరులు, వినగలవారు కలిసి, ఆ పాఠాలకు తోడుగా బొమ్మల కాగితాలను, బధిర నటులు సంజ్ఞా భాషలో చెప్పే చిన్న కథల వీడియోలను తయారుచేశారు. పాఠం చెప్పి ఊరుకోకుండా, తమవంటి మనిషి ఒకడు ఆ చిక్కులోనుంచి ఎట్లా బయటపడ్డాడో ఆ కథలలో చూపుతారు.

ఇంతకు ముందే, 1989లో, అదే దేశంలోని మినియాపొలిస్ నగరంలో బధిరుల కొరకే ప్రత్యేకంగా ఒక మద్య వ్యసన చికిత్సా విభాగం మొదలయింది. అక్కడ రోగులను వ్యాసాలు వ్రాయమనలేదు. తాగుడు వల్ల ఏమేమి పోగొట్టుకొన్నారో బొమ్మలు గీసి చూపమన్నారు. పని చేసేవారికి కూడ సంజ్ఞా భాష వచ్చును.

ఇట్టి చికిత్సలో చిన్న చిన్న సంగతులే పెద్దవి. మామూలుగా మనసు కుదుటబడటానికి "కళ్లు మూసుకొని నా మాట వినండి" అంటారు. బధిరుడు కళ్లు మూసుకొంటే లోకంతో సంబంధమే తెగిపోతుంది. ఆయనను కళ్లు తెరచి ఉంచి, గదిలోని అయిదు వస్తువులను చూచి చెప్పమనవలె. "నీకు గొంతులు వినిపిస్తున్నవా?" అని మనోవైద్యులు అడగటం రివాజు. పుట్టు చెవిటివానికి ఆ ప్రశ్న ఎట్లా అర్థం కావలె? వేగంగా చేతులు ఊపుతూ, ముఖం చిట్లించి మాట్లాడటం ఆ భాష వ్యాకరణంలోనే భాగం. తెలియనివారు దానిని ఉద్రేకమనో, పిచ్చి కోపమనో వ్రాస్తారు. రోగి కలవరపడుతున్నాడని రెండు చేతులూ మంచానికి కట్టివేస్తే అది బధిరునికి నోట గుడ్డ కుక్కటంతో సమానం.

తెలుగువారికి ఈ నీతి కొత్తది కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరగబడిన కథ మన పెద్దలకు తెలుసు. ఆ ఉద్యమానికి బీజం వయోజనుల అక్షరాస్యతా తరగతులలో పడింది. సారా వల్ల ఇల్లు గుల్లయిన కథ వారి వాచకంలో, వారి మాటలలో ఉన్నది. వారికి అర్థమయ్యే రూపంలో విషయం చేతికి వచ్చేసరికి ఊరూరా స్త్రీలు సారా దుకాణాలకు అడ్డంగా నిలిచారు. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారాను నిషేధించవలసి వచ్చింది. అర్థమయ్యే రూపంలో చెప్పటానికి అంత బలం ఉన్నది.

మన దగ్గర ఏమి ఉన్నది

మన రాష్ట్రంలో వ్యసన చికిత్సకు మంచి పేరున్న సంస్థ పుణెలోని ముక్తాంగణ్. 1986 ఆగస్టు 29న, యెరవాడ మానసిక వైద్యశాల ఆవరణలో, డాక్టరు అనితా అవచట్, ఆమె భర్త, రచయిత అనిల్ అవచట్ దానిని ప్రారంభించారు. పు. ల. దేశ్‌పాండే, సునీతాబాయి దంపతులు చేయూత నిచ్చారు. రోగిని నేరస్థుడుగా కాక మిత్రుడుగా చూడవలెనని మహారాష్ట్రానికి నేర్పిన చోటు అది. బధిరులకు కూడ ఆ మైత్రి అందవలెనంటే మధ్యలో ఒక భాష కావలె.

ఆ భాషకు సంబంధించిన సంస్థలు కూడ మనకు దూరం కావు. ముంబయి బాంద్రాలో 1983లో ఏర్పడిన అలీ యావర్ జంగ్ జాతీయ వాక్ శ్రవణ సంస్థకు సికింద్రాబాదులో ప్రాంతీయ కేంద్రం ఉన్నది. అలీ యావర్ జంగ్ మన హైదరాబాదువారు, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా పనిచేసి, 1971 నుంచి 1976లో మరణించేవరకు మహారాష్ట్ర గవర్నరుగా ఉన్నారు. అటు ముంబయికి, ఇటు సికింద్రాబాదుకు మన స్టేషనులో దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే చాలు. దుబాసీల గురించి, సంజ్ఞా భాష తరగతుల గురించి అడగదగిన చోట్లు ఇవి. ఢిల్లీలో 2015లో భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన శిక్షణ కేంద్రం ఏర్పడింది. అది తయారుచేసిన సంజ్ఞల నిఘంటువులో 2021 నాటికి 10,000 మాటలు చేరినవి. ఆ వీడియోలను మొబైలులో ఉచితంగా చూడవచ్చును.

చట్టం కూడ మన పక్షాననే ఉన్నది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం వల్ల కలిగే మానసిక స్థితులను కూడ జబ్బుగానే లెక్కించింది. దాని 18వ సెక్షను ప్రకారం, వైకల్యం కారణంగా భేదం చూపకుండా ప్రతివానికీ మానసిక వైద్యం అందవలె. 2016 వికలాంగుల హక్కుల చట్టం సంజ్ఞా భాషను సంభాషణా సాధనంగా గుర్తించింది. 2023 సెప్టెంబరులో సారా సన్నీ అనే బధిర న్యాయవాది సుప్రీంకోర్టులో దుబాసీ సాయంతో చేతులతోనే వాదించింది. సర్వోన్నత న్యాయస్థానంలో సాధ్యమైనది జిల్లా ఆస్పత్రిలో సాధ్యం కాదా?

మనం చేయదగినవి

మొదటి మాట ప్రాణానికి సంబంధించినది. రోజూ ఎక్కువగా తాగే మనిషి చేత ఇంట్లో తలుపు వేసి ఒక్కసారిగా మాన్పించవద్దు. మానిన మొదటి రెండు రోజులలో ఫిట్సు రావచ్చును. రెండు మూడు రోజులకు మతి తప్పి, జ్వరం, వణుకు పెరిగి ప్రాణం మీదికి రావచ్చును. డాక్టరు పర్యవేక్షణలోనే మాన్పించవలె. అట్టి లక్షణాలు కనబడితే 108కి ఫోను చేసి వెంటనే ఆస్పత్రికి చేర్చవలె.

రెండవది, ఇంటి పిల్లలను దుబాసీలుగా కూర్చోబెట్టవద్దు. భార్యను, తల్లిని కూడ వీలైనంతవరకు తప్పించవలె. దెబ్బ ఇంటిలోనే తగిలి ఉండవచ్చును. చెప్పేది ఇంటివారిని గురించే కావచ్చును. బయటి దుబాసీని తెచ్చుకొన్నా, విన్నది ఎక్కడా చెప్పనని మాట తీసికొనవలె. బధిరుల లోకం చిన్నది, ఒకరి సంగతి ఒకరికి ఇట్టే పాకుతుంది. దగ్గరలో ఎవరూ దొరకకపోతే వీడియో కాలులో దూరపు దుబాసీని కూర్చోబెట్టుకోవచ్చును. సంజ్ఞా భాష తెలిసిన కౌన్సెలరు, అందులోను బధిరుడైన కౌన్సెలరు దొరికితే అంతకంటె మేలు లేదు.

మూడవది, అర్జీ. ఆఫీసు ఫైళ్ల మధ్య జీవితం గడిపిన మాకు ఒక సంగతి బాగా తెలుసు. నోటి మాటగా అడిగినదానికి నోటితోనే లేదంటారు. విష్ణుపురి ప్రభుత్వ వైద్య కళాశాల ఆస్పత్రికిగాని, మరొక ప్రభుత్వ ఆస్పత్రికిగాని పోయేటప్పుడు, రోగి బధిరుడని, భారతీయ సంజ్ఞా భాష దుబాసీని ఏర్పాటు చేయవలెనని, పైన చెప్పిన రెండు చట్టాలను పేర్కొంటూ మరాఠీలో ఒక అర్జీ వ్రాసి, ఆవక్ బల్ల వద్ద ఇచ్చి, నకలు మీద ముద్ర, నంబరు వేయించుకోండి. మొదటి అర్జీకి పని కాకపోవచ్చును. పదిమంది పది అర్జీలు పెడితే ఆ ఫైలు కదలక తప్పదు.

నాలుగవది, ఇంటివారికి సలహా కావలసినప్పుడు 14416 అనే టెలిమానస్ నంబరుకు తెలుగులోగాని మరాఠీలోగాని మాట్లాడవచ్చును. ఇది 2022 అక్టోబరు 10న మొదలయింది. వ్యసనాలకు 14446 ఉన్నది. ఇవి ఫోనులో మాట్లాడేవి కావున బధిరుడు తానే వాడుకోవటం కష్టం. ఇంటివారు తాము తెలుసుకొనటానికి మాత్రం చాలా ఉపయోగం.

అయిదవది ఇంట్లోనే చేయవలసినది. పెండ్లిళ్లలో, పండుగలలో బధిరుడైన మరిదో, బావమరిదో బంతి చివర కూర్చుని తిని లేచిపోతాడు. అందరూ ఎందుకో పగలబడి నవ్వుతారు. ఆయన "ఏమిటి?" అని కళ్లతో అడిగితే "ఏం లేదులే, తర్వాత చెప్తా" అంటాము. ఆ తర్వాత ఎన్నడూ రాదు. ఇంటిలో ఒక్కొక్కరు వారానికి అయిదు సంజ్ఞలు నేర్చుకొంటే ఏడాదికి రెండు వందల అరవై అవుతాయి. ఆకలి, నిద్ర, భయం, నొప్పి, "నీ తప్పు కాదు" అనే సంజ్ఞలతో మొదలుపెట్టండి. మాట్లాడేటప్పుడు వెలుతురు మన ముఖాన పడేటట్లు కూర్చోవలె. "చెవిటోడు", "మూగోడు" అని పిలవటం ఈ తరంతో ఆగిపోవలె. ఒకసారి మానినవాడు మళ్లీ తాగితే అది నమ్మకద్రోహం కాదు. జబ్బు తిరగబెట్టింది అనుకొని మళ్లీ డాక్టరు వద్దకు పోవలె.

మన సంఘానికి కూడ ఒక మనవి. ఏటేటా సెప్టెంబరు 23ను ఐక్యరాజ్యసమితి 2018 నుంచి అంతర్జాతీయ సంజ్ఞా భాషల దినంగా జరుపుతున్నది. ఆ రోజునగాని, దగ్గరలోని ఆదివారంనాడుగాని మన హాలులో ఒక బధిర ఉపాధ్యాయుణ్ణి పిలిచి రెండు గంటల తరగతి పెట్టించగలిగితే ఖర్చు చాయ్, ఫరాలుకు మించదు. నాందేడులోను, చుట్టుపక్కల ధర్మాబాదు, బిలోలి, దేగ్లూరు, భోకర్‌లలోను మనవారిలో సంజ్ఞా భాష తెలిసినవారు ఎవరున్నారో ఒక జాబితా సంఘం కార్యదర్శి వద్ద ఉంచితే, అవసరమైన కుటుంబానికి దారి దొరుకుతుంది. జాబితా వ్రాసే పని మాకు అప్పగిస్తే సంతోషంగా చేస్తాము. వ్రాత పని మాకు అలవాటే.

పరాయి గడ్డ మీద తెలుగు మాట నిలబెట్టుకొనటానికి మన పెద్దలు ఈ సంఘం పెట్టుకొన్నారు. తన భాషలో తన సుఖదుఃఖాలు చెప్పుకొనే హక్కు ఎంత విలువైనదో మనకు వేరే చెప్పవలసిన పని లేదు. మన ఇళ్లలోనే ఆ హక్కు లేకుండా కూర్చున్నవారు ఉన్నారు. వారి బీరువాలో కూడ వారికి చూపని పంచనామా ఏదైనా ఉన్నదేమో, పాఠకులు ఈ రాత్రి భోజనాల వేళ ఒకసారి వారి వైపు తిరిగి చూడవలసినదని మా ప్రార్థన.